నొప్పి మాత్రలు మానలేని తమ్ముడు: ఎన్ని రోజుల్లో బయటపడతాడు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు జిల్లా. నా తమ్ముడికి 28 ఏళ్లు. మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు బస్తాలు తోలే వ్యాను నడుపుతాడు. మూడేళ్ల కిందట బైకు మీద నుంచి పడి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. అప్పుడు నొప్పికి ట్రమడాల్ రాశారు. నొప్పి తగ్గింది గానీ మాత్ర మానలేదు. ఇప్పుడు రోజుకు 50 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు రెండు స్ట్రిప్పులు, అంటే ఇరవై మింగుతున్నాడు. నిద్ర కోసం కొన్ని రాత్రులు ఆల్‌ప్రజోలం కూడా. ఒకసారి మేమే గదిలో పెట్టి గడియ వేశాం. అతని బాధ చూడలేక మూడో రోజు తలుపు తీసేశాం. తర్వాత ఒక ప్రైవేటు కేంద్రంలో మూడు నెలలు ఉంచాం. అక్కడ కాలికి గొలుసు వేశారని ఇంటికి వచ్చాక చెప్పాడు. వచ్చిన మూడో వారమే మళ్లీ మొదలుపెట్టాడు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు పెద్దాసుపత్రిలో చూపిస్తే, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఒకటి ఏడాదికి పైగా వాడాలంటున్నారు. ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తా? ఒంట్లోంచి ఇది పూర్తిగా పోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఆసుపత్రిలో పేరు రాయిస్తే పోలీసు కేసు అవుతుందా? అమ్మ మాత్రం పెళ్లి చేస్తే దారిలో పడతాడంటోంది.
- ఒక అక్క

జవాబు: అమ్మా, మీరు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను. అంతకన్నా ముందు మీరు అడగనివి రెండు చెప్పాలి. మొదటిది, ఈ రోజే వ్యాను తాళాలు తీసుకోండి. ఫిట్స్ వచ్చిన మనిషి, ఇంకా అదే మోతాదులో మాత్ర వాడుతున్న మనిషి స్టీరింగు ముందు కూర్చోకూడదు. ఎప్పుడు కూర్చోవచ్చో చికిత్స చేసే డాక్టరు చెప్పాలి, అతను గానీ యజమాని గానీ కాదు. కొన్ని నెలల సంపాదన పోతుందని తెలుసు. ఈలోగా యార్డులోనే కాటా దగ్గరో, లెక్కల దగ్గరో పని దొరుకుతుందేమో అడగండి. రెండోది, మళ్లీ గదిలో పెట్టి గడియ వేసే పని మాత్రం చేయకండి.

ఎందుకో చెబుతాను. ట్రమడాల్‌ను పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాములు దాటి ఇవ్వరు. మీ తమ్ముడు మింగుతున్నది 1000. మోతాదు పెరిగేకొద్దీ ఈ మందు మెదడులో ఫిట్స్‌ను అదుపులో ఉంచే హద్దును కిందికి లాగేస్తుంది. అందుకే మిగతా నల్లమందు జాతి మందులకన్నా దీనితో ఫిట్స్ భయం ఎక్కువ. దానికి ఆల్‌ప్రజోలం తోడైంది. ఈ రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అలాగని అలవాటైన ఆల్‌ప్రజోలంను ఒక్కసారిగా ఆపితే, ఆపడం వల్లనే ఫిట్స్ రావచ్చు. అంటే ఇతని విషయంలో మింగినా ప్రమాదమే, ఇంట్లో ఉన్నట్టుండి ఆపించినా ప్రమాదమే. దీన్ని విడదీసి, దేన్ని ముందు, ఎంత మెల్లగా తగ్గించాలో ఆసుపత్రిలో చూసుకోవాల్సిన పని. ఆల్‌ప్రజోలం సంగతి పెద్దాసుపత్రి డాక్టరుకు చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. చెప్పకపోతే వెంటనే చెప్పండి.

మళ్లీ ఫిట్స్ వస్తే చేతిలో తాళం చెవులు పెట్టకండి. పళ్ల మధ్య చెంచా దూర్చకండి, నోట్లో నీళ్లు పోయకండి. చుట్టూ తగిలేవి తీసేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాల్లో ఆగకపోయినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా 108కు ఫోను చేయండి.

ఇక ఇతను ఇక్కడిదాకా ఎలా వచ్చాడన్నది. మీరు అడగలేదు గానీ ఉత్తరం నిండా ఆ ప్రశ్నే ఉంది. నల్లమందు, దాని నుంచి తీసే మార్ఫిన్, కోడీన్, హెరాయిన్, ప్రయోగశాలలో తయారైన ట్రమడాల్, టాపెంటడాల్, ఇవన్నీ మెదడులో ఒకే తలుపు తడతాయి. మన శరీరం నొప్పిని తట్టుకోవడానికి తనంతట తాను తయారుచేసుకునే ఎండార్ఫిన్లు కూడా ఆ తలుపు దగ్గరికే వెళతాయి. ట్రమడాల్ 1977లో జర్మనీలో అమ్మకానికి వచ్చినప్పుడు, మార్ఫిన్ అంత అలవాటు చేయదని డాక్టర్లు ధైర్యంగా రాశారు. ఆ ధైర్యం ఎంత ఖరీదైందో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మన దేశంలో 2018 ఏప్రిల్లో గానీ దీన్ని మత్తు పదార్థాల చట్టం కిందికి తేలేదు. అంతకుముందు దగ్గు మందు అమ్మినంత తేలిగ్గా అమ్మేవాళ్లు. ఇప్పటికీ చీటీ అడగని షాపులు ఉన్నాయని మీ తమ్ముడే సాక్ష్యం.

పైగా ట్రమడాల్‌కు ఇంకో గుణం ఉంది. నొప్పిని తగ్గించడమే కాక, కొన్ని డిప్రెషన్ మందుల్లాగా సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాల మీదా పనిచేస్తుంది. కొందరికి అది మగతకు బదులు హుషారునిస్తుంది. రాత్రంతా మేలుకుని లోడు దింపాల్సిన మనిషికి, కాలు సలుపు తెలియకుండా ఒళ్లు తేలికైపోయే మాత్ర దొరికితే ఏమవుతుందో ఊహించండి. అతను విలాసం కోసం వెతుక్కోలేదు. పని చేయడం కోసమే మింగి ఉంటాడు. కొన్ని నెలలకు రెండు చాలవు, నాలుగు కావాలి. ఆ తర్వాత హుషారు కూడా పోతుంది, మింగకపోతే నిలబడలేని స్థితి మిగులుతుంది. ఇప్పుడు అతను ఆనందం కోసం మింగుతున్నాడనుకుంటే పొరపాటు. వేళకు వేయకపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి మింగుతున్నాడు.

ఏమవుతుందో మీరు ఆ మూడు రోజుల్లో చూశారు. అయినా లోపల జరిగేది తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. ఈ మందులు శరీరంలోని హడావుడిని నొక్కిపెడతాయి. గుండె వేగం, చెమట, పేగుల కదలిక, మెలకువ, అన్నీ నెమ్మదిస్తాయి. రోజూ బ్రేకు మీద కాలు ఉంటే బండి కదలడానికి ఇంజను ఇంకా గట్టిగా తిరగడం నేర్చుకుంటుంది కదా, మెదడూ అంతే. ఉన్నట్టుండి బ్రేకు తీస్తే ఆ ఇంజను పరుగు ఒక్కసారిగా బయటపడుతుంది. చివరి మాత్ర వేసిన ఎనిమిది, పన్నెండు గంటలకు ఆవులింతలు మొదలవుతాయి. అవి నిద్ర ఆవులింతలు కావు, ఆగకుండా వస్తాయి. కళ్లలో, ముక్కులో నీళ్లు కారతాయి. చూసినవాళ్లు జలుబు అనుకుంటారు. తర్వాత రోమాలు నిక్కబొడుచుకుంటాయి, కనుపాపలు పెద్దవవుతాయి, కడుపులో మెలితిప్పుతుంది, విరేచనాలు, వాంతులు.

రెండో రోజు రాత్రి అన్నిటికన్నా కష్టం. వార్డులో అలాంటి మనిషి మంచం చూడగానే తెలుస్తుంది. దుప్పటి నేల మీద ఉంటుంది. చలి అని కప్పుకుంటాడు, చెమట అని తన్నేస్తాడు. కాళ్లు పక్క మీద నిలవవు, మోకాళ్లు ముడుస్తాడు, చాపుతాడు, దిగి నాలుగడుగులు నడిచి మళ్లీ ఎక్కుతాడు. విరిగి అతికిన ఎముక ఉన్నచోట మూడేళ్ల కిందటి నొప్పి అచ్చంగా తిరిగి వచ్చినట్టు ఉంటుంది. అప్పుడే 'చూశారా, నొప్పి ఉండబట్టే మింగుతున్నాను' అంటాడు. అబద్ధం కాదది. ఆ నొప్పి నిజమే, అయితే అందులో చాలా భాగం మందు దిగిపోవడం వల్ల వచ్చింది. కొన్నాళ్లకు అదే తగ్గుతుంది. ట్రమడాల్ వాడినవాళ్లలో కొందరికి వీటికి తోడు విపరీతమైన ఆందోళన, చేతుల్లో తిమ్మిర్లు, లేనివి కనిపించడం, వినిపించడం కూడా ఉంటాయి. ఇంట్లోవాళ్లు దెయ్యం పట్టిందని కంగారుపడి భూతవైద్యుడిని పిలిచిన సందర్భాలూ ఉన్నాయి.

ఇక మీ ప్రశ్న, ఎన్ని రోజులు? చివరి మాత్ర తర్వాత ఒకటిన్నర రోజు నుంచి మూడు రోజుల మధ్య బాధ తారస్థాయికి చేరుతుంది. వారం, పది రోజుల్లో శారీరక బాధ దాదాపు సద్దుమణుగుతుంది. మీరు తలుపు తీసింది సరిగ్గా కొండ శిఖరం మీద. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు, ఫిట్స్ ప్రమాదం ఉన్న మనిషికి తలుపు తీయడమే మంచిదయింది.

అయితే 'ఒంట్లోంచి పోవడం' దగ్గరే చాలా కుటుంబాలు దెబ్బతింటున్నాయి. మందు రక్తంలోంచి పోవడానికి కొద్ది రోజులు చాలు. మందు లేకుండా ఉండడం మెదడు తిరిగి నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. నిద్ర సరిగ్గా కుదురుకోవడానికే చాలామందికి నెలలు గడుస్తాయి. దేని మీదా ఆసక్తి ఉండదు, ఇష్టమైన కూర కూడా చప్పగా ఉంటుంది, చిన్న మాటకు కోపం, చిన్న కబురుకు కన్నీళ్లు. డీటాక్స్, అంటే ఒంట్లోంచి మందు దింపే ఆ వారం రోజులను చికిత్స అనుకుని, అది ముగియగానే మనిషిని ఇంటికి తెచ్చి 'ఇక బాగైపోయావు' అనడం వల్లనే ఎక్కువమంది మళ్లీ మొదలుపెడుతున్నారు. డీటాక్స్ చికిత్సకు వాకిలి మాత్రమే. మీ తమ్ముడు మూడు నెలలు ఆ కేంద్రంలో ఉన్నాడు, నిజమే. మొదటి వారం దాటాక అక్కడ అతనికి ఏ మందు ఇచ్చారు? కాలి నొప్పికి ఏం చేశారు? నాకు తెలిసి అలాంటిచోట్ల ఆ రెండింటికీ సమాధానం ఉండదు. గొలుసు ఉంది కాబట్టి మింగలేదు, గొలుసు తీశారు కాబట్టి మింగాడు. దాన్ని చికిత్స విఫలమవడం అనను, చికిత్స జరగనేలేదు.

మూడో వారం వచ్చిన ఫిట్స్ సంగతి కూడా ఇక్కడే అర్థం చేసుకోవాలి. మూడు నెలలు ఆపితే శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. అతను మాత్రం గుర్తున్న లెక్క ప్రకారమే మింగి ఉంటాడు. ఇతనికి ఫిట్స్ వచ్చాయి. ఇంకొకరికి నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. డీ-అడిక్షన్ కేంద్రం నుంచో జైలు నుంచో బయటికి వచ్చిన మొదటి వారాల్లోనే ఈ మందుల వల్ల చావులు ఎక్కువని ప్రపంచమంతటా గమనించారు. అందుకే మందుల తోడు లేకుండా కేవలం మాన్పించి పంపడం, అసలు మాన్పించకపోవడం కన్నా ప్రమాదకరం కావచ్చు. వినడానికి వింతగా ఉంటుంది, కానీ మీ ఇంట్లో జరిగింది అదే. ఎప్పుడైనా పిలిచినా లేవకుండా, గురకలాంటి శబ్దంతో, చాలా నెమ్మదిగా ఊపిరి తీస్తూ, పెదవులు నీలిరంగుకు మారి కనిపిస్తే నిద్రపోతున్నాడని వదిలేయకండి. కనుపాపలు ఆవగింజంత చిన్నవై ఉండవచ్చు. 108కు ఫోను చేసి, ఏ మాత్రలు మింగాడో దాచకుండా చెప్పండి. నాలోక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. దాని ప్రభావం గంటా గంటన్నరకు దిగిపోవచ్చు కాబట్టి, లేచి కూర్చోగానే ఇంటికి తెచ్చేయకూడదు.

ఇక నాలుక కింద మాత్ర. దాని పేరు బుప్రెనార్ఫిన్. మీ అనుమానం న్యాయమైనదే, నేను తేల్చిపారేయను. అది కూడా ఆ జాతి మందే. ఆపితే దానికీ కొంత బాధ ఉంటుంది. అయినా ఆ డాక్టరు చెప్పిన మాటే సరైనదని నా అభిప్రాయం. ఆ మందు మెదడులోని ఆ తలుపు దగ్గర గట్టిగా అతుక్కుని కూర్చుంటుంది, కానీ తలుపును సగమే తెరుస్తుంది. సగం తెరవడం వల్ల ఆవులింతలు, కాళ్ల పీకులు, తహతహ ఉండవు. పూర్తిగా తెరవదు కాబట్టి మోతాదు ఎంత పెంచినా మత్తు ఒక స్థాయి దాటి ఎక్కదు, ఊపిరి మీద ప్రభావం కూడా చాలా మందులకన్నా తక్కువ. అది కూర్చుని ఉండగా పైనుంచి ట్రమడాల్ మింగినా దానికి చోటు దొరకదు, ఆ పాత హుషారు రాదు. ఒక మోతాదు ఒక రోజుకు పైగా నిలుస్తుంది కాబట్టి, రోజుకు నాలుగైదు సార్లు స్ట్రిప్పు కోసం జేబు తడుముకునే జీవితం ఆగిపోతుంది. ఉదయం ఒకసారి తీసుకుని పనికి పోవచ్చు. అప్పులు, అబద్ధాలు, మందుల షాపు చుట్టూ తిరగడం, ఇవన్నీ ఆగడమే ఇక్కడ లాభం. ఈ చికిత్సలో కొనసాగుతున్నవాళ్లలో మరణాలు, మధ్యలో వదిలేసినవాళ్లతో పోలిస్తే బాగా తక్కువని అనేక దేశాల అనుభవం. మన దేశంలో ఈ మందు 1980ల నుంచి ఉంది, కొత్త ప్రయోగమేమీ కాదు.

ఇచ్చే పద్ధతి కూడా చెబుతాను, చూస్తే మీకే నమ్మకం కలుగుతుంది. మొదటి రోజుల్లో నర్సు మాత్రను నలిపి పొడిచేసి నాలుక కింద వేస్తుంది. మింగకూడదు, నీళ్లు తాగకూడదు, మాట్లాడకూడదు. అయిదు, పది నిమిషాలు అలాగే కూర్చోవాలి. తర్వాత నోరు తెరిచి చూపించమంటుంది, అంతా కరిగాకే పంపుతుంది. మింగేస్తే చాలా భాగం వృథా. ఇంటికి ఇచ్చే రోజులు వచ్చాక తరచూ నాలోక్సోన్ కలిపిన మాత్ర ఇస్తారు. నాలుక కింద పెట్టుకుంటే ఆ నాలోక్సోన్ దాదాపు ఏమీ చేయదు. ఎవరైనా కరిగించి సూదితో ఎక్కించుకుంటే మాత్రం వెంటనే, మందు మానినప్పుడు వచ్చే విత్‌డ్రాయల్ బాధ తెప్పిస్తుంది. దుర్వినియోగానికి అదొక అడ్డుకట్ట.

ఒక జాగ్రత్త మాత్రం చాలా ముఖ్యం. మొదటి మోతాదుకు ముందు అతను ట్రమడాల్ మింగకుండా కనీసం సగం రోజు ఆగి, ఆవులింతలు, చెమటలు మొదలయ్యాకే ఇవ్వాలి. దానికి డాక్టర్లు నాడి, చెమట, కనుపాప లాంటి 11 అంశాలను చూసి మార్కులు వేసే పట్టిక వాడతారు. ఒంట్లో ట్రమడాల్ నిండుగా ఉండగానే ఈ మాత్ర వేస్తే, అది పాతదాన్ని ఒక్కసారిగా నెట్టేసి, రెండు రోజుల్లో రావాల్సిన బాధను అరగంటలో తెచ్చిపెడుతుంది. తర్వాత 'ఆ మాత్ర నాకు పడదు' అని జన్మలో ముట్టుకోడు. కాబట్టి పొద్దున చివరిసారి ఎప్పుడు మింగాడో నిజం చెప్పడం అతని పని, చెప్పినందుకు తిట్టకుండా ఉండడం మీ పని.

ఇంకో దారి కూడా ఉంది, నాల్ట్రెక్సోన్. ఇది ఆ తలుపును పూర్తిగా మూసేస్తుంది, మత్తు కాదు, దీనికి అలవాటు పడరు. కానీ చివరి మాత్ర తర్వాత వారం, పది రోజులు పూర్తిగా శుభ్రంగా ఉంటే తప్ప మొదలుపెట్టకూడదు. రోజూ వేసుకోవాలి, మానేస్తే ఆపేవాళ్లు లేరు. తల్లో, అక్కో రోజూ చేత్తో ఇచ్చి మింగించే ఇళ్లలో, మానాలన్న పట్టుదల బాగా ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. మీ తమ్ముడికి ఇంత మోతాదు, ఫిట్స్, మధ్యలో ఒక పతనం, పైగా కాలి నొప్పి ఉన్నాయి కాబట్టి మీ డాక్టరు మొదటి దారి ఎంచుకుని ఉంటారు.

ఏడాది దాటాక ఏం చేయాలో అప్పుడు చూద్దాం. కొందరు మెల్లగా తగ్గించుకుని మానేస్తారు, కొందరు ఏళ్ల తరబడి వాడతారు. వాడుతూ ఉద్యోగం చేసుకుని, పిల్లలను పెంచుకుంటున్న మనిషిని 'ఇంకా మందు మీదే ఉన్నావా' అని వేధించే బంధువులంటే నాకు మాచెడ్డ చిరాకు. తొందరపడి తగ్గించినప్పుడే ఎక్కువమంది వెనక్కి జారతారు.

పోలీసు భయం గురించి క్లుప్తంగా చెబుతాను. 1985 నాటి మత్తు పదార్థాల చట్టంలోని 64ఎ సెక్షన్, తన సొంత వాడకానికి సంబంధించిన కేసులో ఇరుక్కున్న మనిషి సైతం స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్స తీసుకుని పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మీవాడి మీద కేసే లేదు. ఓపీ చీటీ రాయించుకున్నంత మాత్రాన ఎవరూ రారు. రోగి వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అయితే స్నేహితులకు అమ్మడం, తెచ్చిపెట్టడం లాంటివి చేస్తుంటే ఆ రక్షణ వర్తించదు. అది నేడే ఆపమనండి.

అదే 2017 చట్టం మత్తుకు బానిసైనవాళ్లను కూడా రోగులుగానే గుర్తించింది. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని సూటిగా రాసింది. బలవంతంగా గుండు గీయడం కూడా నిషేధమే. మళ్లీ ఎప్పుడైనా ప్రైవేటు కేంద్రం చూడాల్సి వస్తే రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ దగ్గర రిజిస్టరయిందా, సైకియాట్రిస్టు ఎన్ని రోజులకు వస్తారు, వారానికి ఎన్నిసార్లు కలవనిస్తారు అని అడగండి. 'మూడు నెలలు ఎవరూ రావద్దు, ఫోను వద్దు, డబ్బు ముందే కట్టండి' అన్నచోట నిలబడకండి. మీకు దగ్గరలో పెద్దాసుపత్రి ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. హైదరాబాద్‌లో బంధువులుంటే ఎర్రగడ్డ కూడా ఉంది. ఎక్కడికి వెళ్లాలో తెలియని వేళ 14416కు చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఈ నంబర్లు అతనికే కాదు, మీకూ పనికొస్తాయి. మూడేళ్లుగా ఇల్లంతా మోస్తున్న మనిషి గొంతు మీ ఉత్తరంలో వినిపిస్తోంది.

మీవాళ్లు ఎవరైనా అన్నంలో కలిపే పొడి గురించో, పసరు గురించో చెబితే వినకండి. చెప్పకుండా కలిపిన మందు ఏదైనా, ఫిట్స్ ఉన్న మనిషికి ముప్పే. బలానికంటూ అమ్మే కొన్ని ఆయుర్వేద గుళికల్లో నల్లమందే ఉంటుంది. కామినీ విద్రావణ రసం అలాంటిదే. ట్రమడాల్ మానిపించబోయి అవి మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు.

కాలి నొప్పిని మర్చిపోవద్దు. సగం జారుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి. చాలాకాలం ఈ మందులు వాడితే నొప్పిని మెదడు ఇంకా ఎక్కువగా పసిగట్టడం మొదలుపెడుతుంది. అందుచేత మానిన కొన్ని వారాలకు అసలు ఎముక నొప్పి ఎంతో తేలుతుంది. అప్పుడు ఎముకల డాక్టరుకు చూపించి, రాడ్డు స్థితి ఎక్స్‌రేలో చూసి, ఫిజియోథెరపీ, మత్తు జాతివి కాని నొప్పి మందులు అడగండి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే, 'నాకు ట్రమడాల్, టాపెంటడాల్ రాయవద్దు, ఇలా చికిత్సలో ఉన్నాను' అని ముందే చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడానికి సిగ్గుపడి, పంటి నొప్పి చీటీతో మళ్లీ మొదటికి వచ్చినవాళ్లను చూశాను.

ఇంట్లో మీరు చేయగలిగినవి చిన్నచిన్నవే. విరేచనాల రోజుల్లో ఓఆర్ఎస్, మజ్జిగ, గంజి ఏది తాగగలిగితే అది. డబ్బు చేతికి ఇవ్వకుండా కావలసిన వస్తువు కొనివ్వండి. ఈ ఏర్పాటు అతనితో మాట్లాడి, అతను ఒప్పుకున్నాకే పెట్టండి. రోజూ జేబులు వెతకడం, నాలుక చూపించమనడం మీరు చేయకండి, ఆసుపత్రిలో మూత్ర పరీక్ష ఉంది, అది వాళ్లు చూసుకుంటారు. ఏదో ఒక రోజు మళ్లీ రెండు మాత్రలు మింగాడని తెలుస్తుంది. అది తెలియాల్సింది పక్కింటివాళ్ల నుంచి కాదు, అతని నోటి నుంచే. అలా చెప్పే ధైర్యం ఇంట్లో మిగిలి ఉండాలి. చెప్పిన రోజే అక్కడి డాక్టరుకు కూడా చెప్పించండి. ఆ రోజు బుప్రెనార్ఫిన్ మోతాదు ఆపడం కాదు, చాలాసార్లు సరిచేయాల్సి ఉంటుంది.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులు, ఆపరేషన్ కాగితాలు, ఫిట్స్ వచ్చినప్పుడు చూపించిన చీటీ, ఆధార్ కార్డు పట్టుకెళ్లండి. అతనితో లోపలికి ఒకరు చాలు. ముగ్గురు నలుగురు వెళ్లి ఒకేసారి మాట్లాడితే అతను నోరు తెరవడు.

చివరికి మీ అమ్మగారి మాట. పెళ్లి ఏ జబ్బుకూ మందు కాదని అమ్మగారికీ లోపల తెలుసు, ఇంకేమీ పాలుపోక అంటున్నారు. వచ్చే అమ్మాయి మొదటి నెలలోనే స్ట్రిప్పులు కనిపెడుతుంది, ఆమె ఒంటి మీది బంగారం మందుల షాపు పాలవుతుంది, ఆపై పంచాయతీలో మీరే తలదించుకోవాలి. కనీసం ఒక ఏడాది అతను చికిత్సలో నిలబడి, పనిలో కుదురుకున్నాక సంబంధాలు చూడండి. అప్పుడైనా అమ్మాయి వాళ్లకు దాచకండి. మాత్ర వాడుతున్నాడన్న సంగతి ముందే చెప్పి చేసుకుంటే నిలిచే సంబంధాలు ఉంటాయి, దాచి చేసుకుంటే ఆ మాత్ర కూడా దొంగచాటుగా వేసుకోవాల్సి వచ్చి, కొద్దిరోజుల్లో దాన్ని మానేసి పాతదానికి వెళతాడు. అమ్మగారిని ఒకసారి ఓపీకి మీతో తీసుకెళ్లండి, ఈ మాట ఆ డాక్టరు నోట వింటే మీరు చెప్పినదానికన్నా తొందరగా దిగుతుంది.